డాక్టరు కుర్చీలో అత్త

డాక్టరు మూరెడు మాట్లాడితే ఫైళ్ళాయన బెత్తెడు చెప్పేవాడు. మొదటి రెండు నెలలూ కోడలు దాన్ని పట్టించుకోలేదు. మూడో నెల కూడా అలాగే జరిగేసరికి గుండెలో ముల్లు దిగినట్టయింది.

పెద్దాసుపత్రికి ఆ డాక్టరు నెలకొక్కసారి వస్తాడు. ఎక్కడివాడో ఏమో, ఇంగ్లీషు తప్ప మరో భాష రాదు. రోగుల కాగితాలు సర్దే గుమాస్తాని అందరూ ఫైళ్ళాయన అంటారు. ఆయనే డాక్టరు పక్కన నిలబడి ఇటు మాట అటూ, అటు మాట ఇటూ చేరవేస్తాడు. ఆ మూడో నెల డాక్టరు అత్త పొట్ట నొక్కి చూశాడు. స్కాను ఫిల్ముని కిటికీ వెలుగులో పట్టుకుని చూశాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ చాలాసేపు మాట్లాడాడు. మధ్యలో రెండుసార్లు ఆగాడు. ఫైళ్ళాయన తల వంచుకుని అంతా విన్నాడు.

"మందులు మానకుండా వాడమంటున్నారు. నీరసం రాకుండా చూసుకోమంటున్నారు" అన్నాడు.

"అంతేనా అండీ?"

"అంతేనమ్మా."

ఆ మాత్రం మాటకి కళ్ళద్దాలు తుడుచుకోవడం ఎందుకో కోడలికి అర్థం కాలేదు. ఆమె మాటలు తక్కువ మనిషి. నోరు తక్కువ పనిచేసేవాళ్ళకి కళ్ళు ఎక్కువ పనిచేస్తాయి. ఫైళ్ళాయన తన ముఖం వైపు చూడకుండా, గోడ మీది గడియారంతో మాట్లాడినట్టు మాట్లాడడం ఆమె చూసింది.

అత్తని వరండా బల్ల మీద కూర్చోబెట్టి, మందుల చీటీ మరిచిపోయానని చెప్పి, ఒక్కతే మళ్ళీ లోపలికి వెళ్ళింది. డాక్టరు తలెత్తి ఏదో అడిగాడు. కోడలు పల్లెటూరి బడిలో పదేళ్ళు చదువుకుంది. ఇంగ్లీషు చదవడం వచ్చు, చూసి రాయడం వచ్చు. మాట్లాడడం మాత్రం ఆ బడిలో ఎవరికీ రాలేదు. పంతులు నిలబెట్టి అప్పచెప్పించుకునేవాడు. తప్పు పోతే తరగతంతా నవ్వేది. ఆ నవ్వు ఇన్నేళ్ళ తరవాత కూడా ఆమె నాలిక మీద తిష్ట వేసుకునే ఉంది. తలుపు చెక్క పట్టుకుని నిలబడింది. డాక్టరు ఓపికగానే ఎదురుచూశాడు. వెనక వరసలో ఎవరో దగ్గారు. ఆమె పెదవి కదపకుండానే తిరిగి వచ్చేసింది.

"దొరికిందా చీటీ?" అంది అత్త.

"దొరికింది అత్తయ్యా."

"పుండే కదటే, అంత మొహం వేలాడేస్తావెందుకు? ఎన్నాళ్ళుంటుంది? దానికి మాత్రం విసుగు పుట్టదూ?"

ఇంట్లో అందరూ దాన్ని పుండు అనే అనేవాళ్ళు. కడుపులో పుండు. కోడలి మనసులో దానికి వేరే పేరు ఉంది, కానీ ఆ పేరు పైకి అనడానికి ఆమెకి రుజువు లేదు. రుజువు ఉన్నా అత్త ముందు అనదు. అత్తకి ఒక అక్క ఉండేది. ఆవిడ జబ్బు సంగతి ఎవరో మొహం మీదే చెప్పేశారు. చెప్పిన పూట గోడ వైపు తిరిగి పడుకుని మళ్ళీ ఇటు తిరగలేదు, తొమ్మిదో రోజుకి పోయింది. "రోగం కాదే దాన్ని చంపింది, మాట" అని అత్త ఇప్పటికీ అంటుంది. అన్నప్పుడల్లా చేతిలో పని ఆపుతుంది.

అందుకని కోడలికి రెండు కోరికలు. నిజం తనకు తెలియాలి. అత్తకు తెలియకూడదు. రెండూ నెరవేరాలంటే, డాక్టరుకీ అత్తకీ మధ్య నిలబడేది ఫైళ్ళాయన కాకుండా తానే అయి ఉండాలి. అంటే తనకి మాట రావాలి. వచ్చే నెల లోపల రావాలి.

*

అత్తా కోడళ్ళిద్దరిదీ ఒకే పని. స్కూళ్ళకీ ఆసుపత్రులకీ చొక్కాలు కుట్టే వర్క్‌షాపులో కాజాలు కుట్టడం, గుండీలు వేయడం. మిషను కాజాలు వచ్చి చాలా ఏళ్ళయినా, మందం గుడ్డకీ కోట్లకీ చేతి కాజానే అడుగుతారు. అత్త నలభై ఏళ్ళుగా అదే పని. వర్క్‌షాపులో పసివాళ్ళ నుంచి ముసలివాళ్ళ దాకా ఆమెని కాజాల అత్త అనే పిలుస్తారు. జబ్బు చేశాక ఆమె ఇల్లు కదలడం లేదు. కోడలు మధ్యాహ్నం దాకా అక్కడ పనిచేసి, మిగతా కట్ట ఇంటికి తెచ్చుకుంటుంది. సాయంత్రం దాకా ఇద్దరూ కిటికీ దగ్గర కూర్చుని కుడతారు. అత్త కొడుకు దూరపు రూటు లారీ నడుపుతాడు. పది రోజులకోసారి వచ్చి రెండు రోజులుండి పోతాడు. మనిషి కొండలా ఉంటాడు గానీ అమ్మ మూలిగితే చాలు, వీధిలోకి వెళ్ళిపోతాడు.

వర్క్‌షాపులో ఇంగ్లీషు వచ్చినవాడు కటింగ్ మాస్టరు ఒక్కడే. కుర్రతనంలో ఓడలో బట్టలు కుట్టి తిరిగినవాడు. కోడలు సిగ్గు చంపుకుని ఆయన్ని అడిగింది, నెల రోజుల్లో నేర్పగలరా అని. మాస్టరు కత్తెర ఆపకుండానే నవ్వాడు.

"నేర్పేదేంటి అమ్మాయ్, నీకు వచ్చు. లోపల మూట కట్టి ఉంది, ముడి బిగుసుకుంది, అంతే. కొత్త చెప్పులు తొడుక్కుని నేరుగా బజారుకి పోతే కాళ్ళు బొబ్బలెక్కుతాయి. ఇంట్లో నాలుగు రోజులు తిరగాలి. ఇదీ అంతే. చేతిలో పని పెట్టుకుని, నిన్ను చూసి నవ్వని మనిషి ఎదురుగా కూర్చుని, నోటికొచ్చింది వాగు. తప్పు పోతే పోనీ. దిద్దుకోకు, దిద్దించుకోకు."

నన్ను చూసి నవ్వని మనిషి అంటే ఎవరని ఇంటి దాకా ఆలోచించుకుంటూ వచ్చింది. మొగుడు నవ్వడు గానీ ఉండడు. ఇరుగుపొరుగు ఉంటారు గానీ నవ్వుతారు. తలుపు తీసేసరికి కిటికీ దగ్గర అత్త, సూదిలో దారం ఎక్కించలేక సూదిని తిట్టుకుంటూ కనబడింది.

ఆసుపత్రిలో ఆ ఫైళ్ళాయన మీద ఆధారపడలేమనీ, మీకు ఎక్కడ నొప్పో నేనైతే సరిగ్గా చెప్పగలననీ, దానికోసం రోజూ కాసేపు మీతో ఇంగ్లీషులో మాట్లాడతాననీ కోడలు చెప్పింది. చెప్పినదంతా నిజమే. చెప్పనిది వేరే ఉంది.

"నాతోనా? నాకు తెలుగే అంతంతమాత్రం. వేలిముద్ర దాన్ని" అంది అత్త.

"మీరు ఏం మాట్లాడక్కర్లేదు అత్తయ్యా. ఊ కొడితే చాలు."

"ఊ ఇంగ్లీషులో కొట్టాలా, తెలుగులో కొట్టాలా?"

అలా మొదలైంది. మొదటి రోజు చేతిలో ఉన్నవాటితోనే సరిపోయింది. ఇది సూది. సూది చిన్నది. ఇది దారం. దారం తెల్లది. నేను కుడుతున్నాను, మీరు కుడుతున్నారు. కోడలి గొంతు తనకే వినబడనంత చిన్నగా వచ్చింది. అత్త ప్రతిదానికీ గంభీరంగా ఊ కొట్టింది. మూడో రోజుకి ఊ కొట్టడం విసుగుపుట్టి, "సూది చెడ్డది కూడా అని చెప్పు. నా కన్ను కనిపెట్టి కన్నం దాచుకుంటోంది" అంది. సూది చెడ్డది అని ఇంగ్లీషులో చెప్పింది కోడలు. "నీడిల్ బ్యాడ్" అని అత్త తిరిగి అని, సూది వంక చూసి, "విన్నావా?" అంది. ఇద్దరూ నవ్వారు. ఆ ఇంట్లో నవ్వు వినబడి చాన్నాళ్ళయింది.

వారం తిరిగేసరికి అత్తకి ఆట అలవాటైంది. ఇంట్లో ఉన్నది ఒకటే కుర్చీ, దానికీ ఒక చెయ్యి విరిగింది. అత్త అందులో నిటారుగా కూర్చుని, కొలతల టేపు మెళ్ళో వేసుకుని, దాని కొస కోడలి గుండె మీద ఆనించి డాక్టరయ్యేది. కోడలు స్టూలు మీద కూర్చుని తనే రోగీ, తనే రోగి బంధువూ అయి అడిగేది. డాక్టర్, మా అత్తగారికి ఎలా ఉంది? ఎన్నిసార్లు అడిగినా ఆ డాక్టరు జవాబు ఒకటే.

"నో ప్రాబ్లమ్. ఓన్లీ వన్ ప్రాబ్లమ్. కోడలు."

"కోడలేం చేసింది డాక్టర్?"

"టీలో నో షుగర్."

ఇంగ్లీషులో మీరనీ నువ్వనీ తేడా లేదని తెలిశాక అత్తకి ఇంకా సంబరమైంది. కాళ్ళు చాపుకుని కూర్చుని, కోడలు అత్తని నువ్వు అనగలిగే భాష ఏదో పనికిమాలినవాళ్ళు కనిపెట్టి ఉంటారంది. అన్నా, ఆ పూట వదల్లేదు. చీకటి పడి టేపు తీసేదాకా యూ, యూ అని అనిపించుకుంది.

కోడలి నాలిక మీది బరువు రోజురోజుకీ తగ్గింది. తప్పుల మీద తప్పులు పోయేవి. తప్పని చెప్పేవాళ్ళు లేకపోవడంతో అవి వాటంతటవే ఎక్కడో రాలిపోయేవి. కాజా మీద చెయ్యి ఎలా నడుస్తుందో అలా, చూసుకోకుండానే మాట వచ్చే రోజు ఒకటి వచ్చింది. గిన్నెలు కడుగుతూ తనలో తాను ఇంగ్లీషులో గొణుక్కుంటూ దొరికిపోయింది. మధ్యాహ్నం వర్క్‌షాపులో మాస్టరు ఇంగ్లీషులో ఏదో అంటే, ఆలోచించకుండా ఇంగ్లీషులోనే బదులిచ్చింది. మాస్టరు మొదటిసారి కత్తెర ఆపాడు.

సంతోషించవలసిన సంగతే. కానీ నోరు వదులైనకొద్దీ భయం బిగుసుకుంది. అడగడం వచ్చేసింది, సరే. డాక్టరు చెప్పేది మంచి మాట కాకపోతే, ఆ మాటలు వినడం రావాలి కదా. అత్త డాక్టరు ఎప్పుడూ నో ప్రాబ్లమే అంటుంటే చెవికి ఏం అలవాటవుతుంది?

"వేరే జవాబు చెప్పండి అత్తయ్యా. ఒకటే చెబితే నాకెలా వస్తుంది?"

"ఇంకేం చెబుతాడే డాక్టరు?" అంది అత్త, సూదిని పైకెత్తి పట్టుకుని.

కోడలు మరో చొక్కా అందుకుంది. తరవాత తనే ఒక దారి వెతుక్కుంది. చెడ్డ మాటలని మంచి పనుల్లో పెట్టి వాడింది. ఈ కట్ట వాళ్ళకి టూ వీక్స్‌లో కావాలి, ఆ కట్ట టూ మంత్స్‌లో కావాలి అంది. దారం అయిపోతే ఖాళీ రీలు చూపించి "నో మోర్" అంది. వాన కురిసిన రోజు "టుడే ఓన్లీ హోమ్" అంది. నొప్పికీ, నిద్రకీ, తగ్గడానికీ పెరగడానికీ మాటలు వెతికి, వేళ్ళకి గుచ్చుకున్న సూదికీ, పొయ్యి మీద పొంగిన పాలకీ అంటించింది. అత్త వాటిని ఒకటికి రెండుసార్లు నోట్లో తిప్పుకునేది. వయసు మీదపడ్డ మనిషి, చదువు లేని మనిషి, చిలక పలుకులు పలుకుతోందని కోడలు అనుకుంది. అన్నీ చూసే కళ్ళు అది మాత్రం చూడలేదు.

ఒక సాయంత్రం మాస్టరు కట్ట తీసుకుపోవడానికి తనే ఇంటికి వచ్చాడు. గుమ్మంలో నిలబడి, అత్తకి అర్థం కాకూడదనేమో, ఆవిడ అన్నం తింటోందా అని కోడల్ని ఇంగ్లీషులో అడిగాడు. కొంచెమే అని కోడలు ఇంగ్లీషులో చెప్పింది.

"కొంచెమేం కాదు, నిన్న రెండు రొట్టెలు తిన్నా. దాని మాట నమ్మకు" అని లోపల నుంచి అత్త కేకేసింది.

మాస్టరు నవ్వి కట్ట భుజాన వేసుకున్నాడు. కోడలూ నవ్వేసింది. నవ్వి, మరిచిపోయింది.

అత్త రెండు రొట్టెలు తిన్నమాట అబద్ధం. సగం రొట్టె తిని, మిగతాది పిట్టలకని కిటికీ బయట పెట్టింది. స్వెటరు ఒంటి మీద సంచీలా వేలాడుతోంది. ఇదివరకు పళ్ళతో దారం తెంపే మనిషి ఇప్పుడు కత్తెర అడుగుతోంది. అన్నిటికంటే కాజాలు. కత్తిరించిన చీలిక చుట్టూ పేనినట్టు ఒకే వరసలో నడిచే ఆమె కుట్టు ఇప్పుడు తాగినవాడి నడకలా అటూ ఇటూ పోతోంది. అత్త కునికిపాట్లు పడుతున్నప్పుడు కోడలు ఆ కాజాలు విప్పి, మళ్ళీ కుట్టి, అదే దొంతరలో అదే వరసలో పెట్టేసేది. అత్త లేచి, పైనున్న చొక్కా తీసి, కాజా మీద బొటనవేలు రాసి చూసి, మళ్ళీ పెట్టేసేది.

*

ఆసుపత్రికి వెళ్ళే రోజు పొద్దుటి నుంచీ ముసురు. బస్సు కిటికీలు మూసేసి ఉన్నాయి, లోపలంతా తడి గొడుగుల వాసన. వరండాలో తడిసిన చెప్పుల ముద్రలు. వరస కదలడానికి రెండు గంటలు పట్టింది. గది తలుపు దగ్గర ఫైళ్ళాయన కాగితాలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఈసారి నేనే మాట్లాడతానండీ అని కోడలు చెప్పింది. ఆయన ఆమె ముఖంలోకి మొదటిసారి సూటిగా చూశాడు.

"మంచిదమ్మా. నా నోటికి కొంత పాపం తగ్గుతుంది" అన్నాడు. తరవాత గొంతు తగ్గించి, "ఆయన అడిగితే దాచడు. వినగలవా?" అన్నాడు.

ఆమె తల ఊపింది.

డాక్టరు పొట్ట నొక్కి చూశాడు. కొత్త ఫిల్ము కిటికీ వెలుగులో పట్టుకున్నాడు. పరీక్ష అయ్యాక అత్త గోడవారగా స్టూలు మీద కూర్చుని స్వెటరు గుండీలు పెట్టుకోవడం మొదలుపెట్టింది. కోడలు బల్ల ముందుకి వచ్చింది. కిటికీ దగ్గరి విరిగిన కుర్చీని, మెళ్ళో టేపుని తలుచుకుంది. అంతే, మాట వచ్చేసింది. మా అత్తగారికి ఎలా ఉంది డాక్టర్, నాకు ఉన్నది ఉన్నట్టు చెప్పండి, ఇంతకు ముందు నాకు భాష రాలేదు, ఇప్పుడు వచ్చింది, అని ఇంగ్లీషులో అంది. ఎక్కడా ఆగలేదు.

డాక్టరు ఆమె వైపు కొంచెం ఆశ్చర్యంగా, కొంచెం గౌరవంగా చూశాడు. తరవాత స్టూలు మీది మనిషి వైపు చూపు తిప్పి, ఆమెకి ఇంగ్లీషు అర్థమవుతుందా అని అడిగాడు.

"నో, డాక్టర్. నాట్ వన్ వర్డ్" అంది కోడలు.

అప్పుడు ఆయన చెప్పాడు. ఈసారి మూరెడు చెప్పలేదు. భాష కొత్తగా నేర్చుకున్న పిల్ల అని తెలిసి, చిన్న చిన్న మాటల్లో, నెమ్మదిగా, విడివిడిగా చెప్పాడు. ఇంక మందు లేదు. నో మోర్ మెడిసిన్. టూ మంత్స్. మేబీ వీక్స్. టేక్ హర్ హోమ్. నొప్పికి మాత్రం ఇస్తాను, నొప్పి పెరుగుతుంది.

కోడలికి ప్రతి మాటా అర్థమైంది. ఒక్కటి కూడా జారిపోలేదు. ఒక్క మాటైనా అర్థం కాకుండా ఉంటే దాని వెనక దాక్కునేది. "థాంక్యూ డాక్టర్" అనడం కూడా మరిచిపోలేదు. ఆపైన ముఖం సర్దుకుని, వెనక్కి తిరిగింది.

"ఏమన్నాడే?" అంది అత్త.

"మందు మారుస్తారట అత్తయ్యా. ఇంట్లో బాగా విశ్రాంతి తీసుకోమన్నారు."

బెత్తెడు. అచ్చం బెత్తెడు. గుమ్మం దగ్గర ఫైళ్ళాయన కాగితాల్లోకి తల దించుకున్నాడు.

"మంచిది" అంది అత్త. లేచి నిలబడి, డాక్టరు వైపు తిరిగి, "థాంక్యూ డాక్టర్" అంది. డాక్టరు చిన్నగా నవ్వాడు. ఆ రెండు మాటలూ ఎవరికి రావు అనుకుంది కోడలు.

బస్సులో అత్తకి కిటికీ పక్క చోటు దొరికింది. సగం దారి దాకా కోడలు ఎదురు సీటు వెనక తుప్పు చూస్తూ కూర్చుంది. తను అనుకున్న రెండూ జరిగాయి. నిజం తనకి తెలిసింది. అత్తకి తెలియలేదు. అనుకున్నది సాధించిన మనిషికి ఊపిరి ఇంత బరువుగా ఎందుకుందో తెలియలేదు. అత్తకి చలేస్తోందేమోనని తల తిప్పి చూసింది.

అత్త స్వెటరుకి గుండీలు తప్పి పెట్టి ఉన్నాయి. మూడో గుండీ నాలుగో కాజాలో ఉంది. అక్కడి నుంచి కిందికంతా ఒకటి చొప్పున జారి, కింద ఒక గుండీ దిక్కులేకుండా మిగిలిపోయింది. పై రెండూ సరిగ్గానే ఉన్నాయి. నలభై ఏళ్ళు కాజాలు కుట్టిన మనిషి. చీకట్లో అయినా, జ్వరంలో అయినా ఒక్కసారి కూడా తప్పు పెట్టుకోని మనిషి. మూడో గుండీ దగ్గర చెయ్యి ఎప్పుడు తప్పిందో కోడలు లెక్క వేసుకుంది. వేసుకున్నకొద్దీ అది డాక్టరు మాట్లాడిన వేళకే వచ్చి ఆగింది. అయినా మనసు ఒప్పుకోలేదు. నీరసం, అనుకుంది. సర్దుదామని చెయ్యి చాపింది.

అత్త ఆ చేతిని పట్టుకుని తన ఒడిలో పెట్టుకుంది.

"ఉండనీ" అంది. ఇంటి దాకా వదల్లేదు.

*

రెండు రోజులు ఇద్దరూ తెలుగే మాట్లాడుకున్నారు, అదీ కొద్దిగా. పాలు తాగుతారా, తరవాత తాగుతా. కిటికీ వెయ్యనా, వద్దు. కోడలు కొత్త మందని చెప్పి నొప్పి మాత్రలు ఇచ్చింది. అత్త వేసుకుంది. ఆసుపత్రి నుంచి వచ్చిన దగ్గర నుంచీ అత్త గోడ వైపు తిరిగి పడుకుంటుందేమోనని కోడలు కనిపెట్టుకునే ఉంది. తిరగలేదు. ఎప్పటిలా వెల్లకిలా పడుకుని పైకప్పు చూస్తూ ఉంది.

మూడో రోజు కోడలు కట్టతో ఇంటికొచ్చేసరికి అత్త కుర్చీలో కూర్చుని ఉంది. మెళ్ళో టేపు ఉంది.

"రావే. పనుంది."

"ఇంక అవసరం లేదుగా అత్తయ్యా. మాట్లాడడం అయిపోయిందిగా."

"నీకు లేదేమో. నాకుంది. కూర్చుని అడుగు."

కోడలు కట్ట దించి స్టూలు మీద కూర్చుంది. రోజూ అడిగినట్టే అడిగింది. డాక్టర్, మా అత్తగారికి ఎలా ఉంది?

అత్త టేపు కొస కోడలి గుండె మీద ఆనించింది. కాసేపు విన్నట్టు తల వంచింది.

"టూ మంత్స్" అంది. "మేబీ వీక్స్."

వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు. కోడలు ముఖం పక్కకి తిప్పబోతే అత్త టేపుతోనే గడ్డం ఇటు తిప్పింది.

"ఏడవకు. డాక్టరు ముందు ఎవరైనా ఏడుస్తారా? ఆయన అంత నిదానంగా, విడమరిచి చెప్పాడు పాపం. నువ్వు రోజూ నాకు చెప్పే మాటలే. ఒకటి కూడా కొత్తది రాలేదు."

"మీకు రాదనుకున్నాను."

"తెలుసు. నాట్ వన్ వర్డ్." అత్త నవ్వబోయింది గానీ నొప్పి అడ్డొచ్చింది. "కాజాలు విప్పి కుడుతున్నావని కూడా నాకు తెలియదనుకున్నావు. నా కుట్టు నా వేలికి తెలియదుటే?"

కోడలు అత్త మోకాళ్ళ మీద తల పెట్టింది. నేనే చెప్పేశాను, నా చేతులారా నేర్పి మరీ చెప్పేశాను అనుకుంది. అత్త చెయ్యి ఆమె జుట్టులో దూది పోగులు ఏరుతూ ఉంది. దారపు పని చేసేవాళ్ళ తలలో అవి ఎప్పుడూ ఉంటాయి.

"లే. ఇప్పుడు నువ్వు ఇక్కడ కూర్చో" అంది కాసేపటికి. "నేను అడగాల్సినవి ఉన్నాయి. అక్కడ అడగలేకపోయాను. తెలుగులో అడిగితే నువ్వు తెలుగులో అబద్ధం చెబుతావు. నీకు ఇంగ్లీషులో అబద్ధం ఇంకా సరిగ్గా రాదు."

చోట్లు మారారు. అత్త టేపు తీసి కోడలి మెళ్ళో వేసింది. స్టూలు మీద కూర్చునేసరికి ఆయాసం వచ్చి, కాసేపు ఆగి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, ఆసుపత్రిలో ముసలివాళ్ళు కూర్చున్నట్టు కూర్చుంది.

"డాక్టర్. పెయిన్ కమింగ్? బిగ్ పెయిన్?"

కోడలు కుర్చీకి ఉన్న ఒక్క చెయ్యినీ గట్టిగా పట్టుకుంది. "యెస్" అంది. "బట్ మెడిసిన్. ఐ గివ్."

"కోడలు గోస్ వర్క్. ఐ యామ్ హోమ్. హూ సిట్?"

"ఐ సిట్. నో వర్క్. మాస్టరు సెండ్స్ వర్క్ హోమ్."

"ఎవ్రీ డే?"

"ఎవ్రీ డే."

అత్త ఆ జవాబుని నోట్లో తిప్పుకున్నట్టు పెదవులు కదిపింది. ఇంకోటి అడగడానికి చాలాసేపు పట్టింది. దానికి కావలసిన మాటలు ఆమె దగ్గర లేవు. ఉన్నవాటిని ఏరుకుని, ఒకదాని పక్కన ఒకటి పేర్చుకుంది.

"మై సన్. బిగ్ మ్యాన్. స్మాల్ హార్ట్. నో టెల్. టుడే నో టెల్. ఓకే?"

"ఎన్నాళ్ళు అత్తయ్యా?" అంది కోడలు, ఇంగ్లీషు మరిచిపోయి.

"డాక్టరు అత్తయ్యా అనకూడదు" అంది అత్త. "నేను చెప్పేదాకా. నేను చెప్పలేకపోతే నువ్వు చెబుదువుగాని. వాడికి తెలుగులోనే చెప్పు. దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పు. ఆ ఫైళ్ళాయనలా గడియారం వంక చూస్తూ చెప్పకు."

ఆ తరవాత ఇద్దరూ కట్ట విప్పారు. మందం గుడ్డ, ఆసుపత్రివాళ్ళ కోట్లు. అత్త చీలికలు కోసి ఇస్తే కోడలు చుట్టూ కుట్టింది. కోయడం వరకు అత్త చెయ్యి ఇంకా తిన్నగానే ఉంది.

పొద్దు వాలుతుండగా వీధి మొదట్లో లారీ ఆగిన చప్పుడైంది. కొడుకు గుమ్మంలో తలవంచి లోపలికి వచ్చాడు. బట్టల నిండా దుమ్ము. సంచీ దించకుండానే, అమ్మ వైపు చూడకుండా, పెళ్ళాం వైపు చూస్తూ, ఏమన్నాడు డాక్టరు అని అడిగాడు.

కోడలు నోరు తెరిచేలోపల అత్త అందుకుంది.

"మందు మారుస్తారట. ఇంట్లో బాగా విశ్రాంతి తీసుకోమన్నారు."

ఆ మాట అచ్చం అదే మాట. ఒక్క అక్షరం తేడా లేదు. కొడుకు భుజాలు కిందికి దిగాయి. సంచీ దించి, గోడకి చేరగిలబడి కూర్చుని, చెప్పులు విప్పుకున్నాడు. అత్తా కోడళ్ళు దొరసానులయ్యారని మాస్టరు దారిలో కనబడి చెప్పాడనీ, తనకీ కాస్త వినిపించమనీ అన్నాడు. చాన్నాళ్ళకి అతని ముఖంలో నవ్వు కనబడింది.

"అడగవే" అంది అత్త, కోడలి వైపు చూసి.

కోడలు గుడ్డ మీద నుంచి తల ఎత్తలేదు. రోజూ అడిగేదే అడిగింది. డాక్టర్, మా అత్తగారికి ఎలా ఉంది?

"నో ప్రాబ్లమ్" అంది అత్త. "ఓన్లీ వన్ ప్రాబ్లమ్. కోడలు."

కొడుకు పగలబడి నవ్వాడు. ఇంకోసారి, ఇంకోసారి అనమన్నాడు. అత్త ఇంకోసారి అంది. సూది కింద పడిందని కోడలు నేల మీదికి వంగి, అది దొరికిన తరవాత కూడా చాలాసేపు వెతుకుతూనే ఉంది.